సర్కారు కాంటా, ఆదివారం అన్నం

సుగుణకు బోధన్‌లో అన్నిటికంటే ముందు నచ్చింది గాలి. చెరకు ఆడే నెలల్లో ఊరంతా తీపి మడ్డి వాసన వేస్తుంది. నిజామాబాద్‌లో బీడీ ఆకుల మధ్య పుట్టి, ఆ పొగాకు ఘాటులోనే బి.ఏ. దాకా చదివిన పిల్లకు, ఊపిరి పీలిస్తేనే తియ్యగా ఉండే ఊరికి కాపురానికి రావడం పెళ్ళిలో ఎవరూ చెప్పకుండా ఇచ్చిన కానుకలా అనిపించింది.

"కొత్తల గట్లనే ఉంటది బిడ్డా. రేపటేడు ముక్కు మూసుకుంటవ్ సూడు" అంది పక్క వాటాలో ఉండే నాగవ్వ.

సుగుణ నవ్వింది. రేపటేటి సంగతి రేపటేడు చూసుకోవచ్చు. ఇప్పటికైతే అన్నీ బాగున్నాయి. వంటింటి కిటికీ ముందునుంచి చెరకు బండ్లు పోతుంటే ఎడ్ల మెడలో గంటలు వినిపించడం బాగుంది. కొత్త పింగాణి పళ్ళేల అంచున నీలం గీత బాగుంది. స్విచ్చి నొక్కగానే వెలిగే బల్బు బాగుంది. ఇక ఆత్మారాం. అతను చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటాడు, అద్దం ముందు నిలబడినా కనిపెట్టడు. సాయంత్రం ఇంటికి వస్తూ వీధి మలుపులో ఎవరూ అడ్డం లేకపోయినా సైకిలు గంట కొడతాడు. ఆ గంట ఎవరికోసమో ఆమెకు తెలుసు, వీధికంతటికీ తెలుసు.

నచ్చనిది ఒక్కటే. ఆదివారం.

ఆత్మారాం ఊరి బయట రెంజల్ రోడ్డుమీద ఉన్న సర్కారు కాంటాలో తూకం గుమాస్తా. రైతులు చెరకును ఫ్యాక్టరీకి తోలేముందు తమ బండి ఎంత తూగుతుందో చూసుకోవడానికి సర్కారు పెట్టిన కాంటా అది. చెరకు కోత మొదలైతే దానికి రాత్రి లేదు, ఆదివారం లేదు. వారమంతా పనిచేసిన మనిషి ఆదివారం కూడా సైకిలెక్కి పోతాడు. పోతే పోయాడు, మధ్యాహ్నం అన్నానికైనా వస్తాడా అంటే అదీ లేదు. సాయంత్రం వచ్చి, ఆమె పొద్దటినుంచి కూర్చుని చేసిన వంకాయ కూర వైపు చూసి, "ఆకలైతలేదు సుగుణా. మా ఆఫీసరు సాబ్ ఇంటినుంచి క్యారియర్ వచ్చింది. రేణుకమ్మగారి పులిహోర ఉంటది చూడు..." అని కళ్ళు మూసుకుంటాడు.

పెళ్ళయి కొన్ని వారాలే అయిన ఆడపిల్ల ముందు ఇంకొకామె పులిహోరను కళ్ళు మూసుకుని తలుచుకోకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు. సుగుణ ఆ వంకాయ కూరను ఒక్కతే తిని, ఎదురుగా కూర్చున్న మొగుణ్ణి ప్రతి ముద్దకూ ఒకసారి చూసింది. అతను ఆ చూపును ప్రేమ అనుకున్నాడు.

తరవాతి ఆదివారం కాంటా నౌకరు ఆశన్నకు జ్వరం వచ్చింది. సాబ్ ఇంటినుంచి క్యారియర్ తెచ్చేదీ, తిన్నాక తీసుకుపోయి ఇచ్చేదీ అతనే. ఆ రోజు క్యారియర్ ఆఫీసు జీపులో వచ్చింది. ఖాళీ అయ్యాక దాన్ని ఆత్మారాం సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి తెచ్చాడు. "పొద్దున నేనే ఇచ్చి వస్త" అన్నాడు.

సుగుణ ఆ క్యారియర్‌ను చింతపండు పెట్టి తోమింది. తళతళలాడే నాలుగు గిన్నెలను గోడకు ఆనించి ఆలోచించింది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా వాపసు పంపకూడదని వాళ్ళమ్మ అంజవ్వ మాట. ఇంట్లో ఏమీ లేనినాడు కూడా అంజవ్వ చిటికెడు పసుపో పిరికెడు బియ్యమో వేసేగానీ పక్కింటి గిన్నె ఇచ్చేది కాదు. ఇప్పుడు కూడా చిటికెడు చక్కెర వేస్తే సరిపోయేది. కానీ సుగుణకు ఆ పులిహోర గుర్తొచ్చింది, మూసుకున్న ఆ కళ్ళు గుర్తొచ్చాయి. తెల్లవారకముందే లేచి శెనగపప్పు ఉడకేసింది. ఒక గిన్నెలో నెయ్యి కారే పూర్ణం పోలెలు, ఇంకో గిన్నెలో నువ్వులు అద్దిన సర్వపిండి, మూడోదాంట్లో వంకాయ కూర, నాలుగోదాంట్లో పచ్చిపులుసు. ఒక్క గిన్నె కూడా వెలితి లేకుండా నింపి, తనుకూడా జడలో పూలు పెట్టుకుని, సైకిలు వెనక కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు ఆత్మారాం.

"పచ్చిపులుసు ఒలికితే ఎవరు పట్టుకుంటరు?"

ఆఫీసరు బాపురావు క్వార్టర్ ముందు బంతి మొక్కలు బారులు తీరి ఉన్నాయి. ఆయన భార్య రేణుకమ్మ వరండాలోకి వచ్చింది. మంచి మనిషి, ఒళ్ళు నొప్పులంటూనే పదిమందికి వండిపెట్టే రకం. క్యారియర్ అందుకోగానే బరువు తెలిసి ఆగింది. మూత తీసి చూసింది. చూసి, మూత మళ్ళీ పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"ఖాళీ గిన్నె ఇయ్యొద్దు గదమ్మా. నేనే చేసిన. పోలెలు వేడిగున్నయి."

"ఖాళీగ ఇయ్యొద్దనేది ఇరుగుపొరుగోళ్ళకు. మాకు గాదు." రేణుకమ్మ గొంతులో కోపం లేదు, చిన్నపిల్లకు చెప్పినట్టే చెప్పింది. "మా ఇంట్లకెళ్ళి మీకు పెడుతం. మీరు తింటరు. గంతే. దానికి వాపసు ఉండదు. ఇగ నుంచి కడిగి పంపు, సాలు."

సుగుణ తల ఊపి మెట్లు దిగింది. సైకిలు వీధి చివరికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం కాపురంలో అదే మొదలు కాబట్టి ఆత్మారాం భయపడి సైకిలు ఆపాడు.

"బాధైందా?"

"లేదు. ఒకటి అడుగుత చెప్పుండ్రి. మా అవ్వ ఆదివారం బీడీలు చుడితే ఆదివారం బీడీలకు గూడ పైసలిస్తరు. కార్ఖానా సేటు ఎంత పిసినారైనా గని ఆదివారం చుట్టినవి ఊరికే తీసుకోడు. మీకు సర్కారు ఆదివారానికి ఏమిస్తది?"

ఆత్మారాం చుట్టూ చూశాడు. చుట్టూ చెరకు తోట తప్ప ఎవరూ లేరు. "ఇయ్యాలె" అన్నాడు నెమ్మదిగా. "ఆర్డరున్నది. సీజన్ల రాత్రి డ్యూటీకి, ఆదివారం డ్యూటీకి జీతం మీద అదనంగ భత్యం. కాంటా గోడకే అంటించి ఉన్నది. అందరికి తెలుసు."

"మరి?"

"కాగితం పెట్టుకోవాలె. ఎవరు పెట్టుకోరు."

"ఎందుకు?"

"ఎట్ల పెట్టుకుంటం సుగుణా. పొద్దున్నే ఆమె లేచి మా కోసం వండి పంపుతది. పులిహోర తిని చెయ్యి కడుక్కొని, అదే చేత్తోని సాబ్ ముంగట ఆదివారం పైసలు ఇయ్యిమని కాగితం పెట్టాలంటే ఎట్లుంటది? మన పక్కింటి లింబాద్రన్న ఒకసారి పెడుదామని పోయి, సాబ్ 'అన్నం తిన్నవా లింబాద్రి' అని అడిగేసరికి జేబులనే పెట్టుకొని వాపసొచ్చిండు. మా కాంటాల అదనపు ఖర్చు లేదని సాబ్‌కు జిల్లా ఆఫీసుల మంచి పేరు."

సుగుణకు అప్పుడు అర్థమైంది. ఆ నాలుగు గిన్నెల్లో వచ్చేది అన్నం ఒక్కటే కాదు. నోరు మూసే మూత కూడా వస్తోంది. చిత్రమేమిటంటే పంపేవాళ్ళకు కూడా ఆ సంగతి పూర్తిగా తెలియదు. రేణుకమ్మ మంచితనంతోనే వండుతుంది. బాపురావు ఆ మంచితనాన్ని వాడుకుంటాడు. మెట్లమీద తనకు తగిలింది ఇదే. తను పోలెలు ఇచ్చి చేసిన తప్పు వంట తప్పు కాదు, వాపసు ఇవ్వడం. వాపసు ఇస్తే మొహమాటం తీరిపోతుంది. అది తీరకూడదు.

"అయితే" అంది సుగుణ, మళ్ళీ సైకిలెక్కుతూ, "వచ్చే ఆదివారం గూడ క్యారియర్ ఇంటికే తెండ్రి."

"రేణుకమ్మగారు వద్దన్నరు గద."

"కడిగి పంపమన్నరు. కడిగే పంపుత."

తరవాతి వారం జ్వరం తగ్గిన ఆశన్న, క్యారియర్‌ను ఆత్మారాం మోసుకుపోతానంటే సంతోషంగా ఇచ్చేశాడు. సోమవారం పొద్దున ఆ క్యారియర్ మళ్ళీ నిండుగా బాపురావు ఇంటికి చేరింది. ఈసారి సుగుణ మెట్లెక్కలేదు. ఆశన్న చేతికే ఇచ్చి పంపింది. అతను తిరిగొచ్చి వాకిట్లో నిలబడి తల గోక్కున్నాడు.

"ఏమన్నరు అమ్మగారు?" అంది సుగుణ.

"తిట్టబోయింది. గింతల వాళ్ళ పిల్లలు పోలెలు పట్టుకొని ఉరికిన్రు. ఇగ తిట్టుడు యాడిది."

నాగవ్వ గోడ అవతలినుంచి అన్నీ వింటోంది. ఆమె మొగుడే లింబాద్రి, కాంటాలో పెద్ద గుమాస్తా. సాయంత్రం సుగుణ ఇంటికి వచ్చి గడపమీద కూర్చుంది.

"ఏం జేస్తున్నవే పిల్లా నువ్వు? ఆఫీసరమ్మకు పంపుడేంది? బిచ్చమెత్తి బువ్వ పెట్టినట్టు."

"అక్కా, ఎన్నేండ్ల సంది వస్తుంది మీకు ఆ క్యారియర్?"

"కాంటా పెట్టిన కాడికెళ్ళి."

"ఒక్కసారన్న తిరిగి పెట్టినవా?"

నాగవ్వ కొంగు అంచు మడతపెట్టి విప్పుతూ కూర్చుంది. నాగవ్వ చేతి ఎల్లిపాయ కారానికి చుట్టుపక్కల పేరుంది. దాన్ని ఇరుగుపొరుగువాళ్ళు అడగడానికి వస్తారేగానీ, ఆఫీసరు ఇంటికి పంపాలన్న ఊహ ఆమెకు ఎన్నడూ రాలేదు. పంపకూడదని ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు.

"మావి జొన్న రొట్టెలు" అంది చివరికి. "గవి తింటరా వాళ్ళు?"

"పెట్టుడు మనది అక్కా. తినుడు వాళ్ళిష్టం."

ఆ మాటకు నాగవ్వ మొహంలో వచ్చిన నవ్వు చూసి సుగుణకు గంతులేయాలనిపించింది. తరవాతి సోమవారం క్యారియర్‌లో జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, గోంగూర వెళ్ళాయి. ఆ పై సోమవారం ఆశన్న భార్య భూమవ్వ మొక్కజొన్నతో మక్క గారెలు వేసింది. పొద్దున్నే మూడిళ్ళ పొయ్యిలు పోటీపడి మండుతుంటే, ఆ హడావిడిలో సుగుణకు పండుగలా ఉండేది. చేతినిండా పిండి, బుగ్గమీద పిండి. ఆ బుగ్గ చూసి ఆత్మారాం డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళడం.

ఒకనాడు ఆశన్న ఖాళీ చేతులతో వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మగారు ఒక మాట అడగమన్నది. సాబ్‌కు తెల్వకుంట. పోలెల పూర్ణంల యాలకులేనా, ఇంకేమన్న ఏసినవా అని."

"జాజికాయ" అంది సుగుణ. అని, లోపలికి పోయి ఒక జాజికాయ తెచ్చి ఇచ్చింది. ఆమెకు రేణుకమ్మమీద కోపమేమీ లేదు.

కానీ బాపురావుకు లెక్క తప్పిన సంగతి తెలిసిపోయింది. ఆయన వరండాలో కూర్చుని గుమాస్తా ఇంటి గారెలు తినాల్సి రావడం, పిల్లలు ఇంకా కావాలని అడగడం, అన్నిటికీ మించి కాంటాకు పోయినప్పుడు లింబాద్రి కళ్ళెత్తి మాట్లాడడం. ఇదివరకు లింబాద్రి ఆయన బూట్లతో మాట్లాడేవాడు. ఒక శనివారం ఆశన్న కబురు తెచ్చాడు. రేపటినుంచి సాబ్ ఇంటినుంచి అన్నం రాదు, ఎవరి తిండి వాళ్ళే తెచ్చుకోవాలి.

ఆయన అది శిక్ష అనుకున్నాడు.

ఆ సాయంత్రం లింబాద్రి, ఆత్మారాం, ఆశన్న సుగుణ ఇంట్లో చాపమీద కూర్చున్నారు. నాగవ్వ టీ పోసింది. లింబాద్రి గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నొద్దులు ఉప్పు తిన్నమని ఊకున్నం. ఇప్పుడు వాళ్ళే బందు పెట్టిన్రు. ఇగ మొకమాటం దేనికి? రాయి బిడ్డా."

సుగుణ కాగితాలు ముందే పెట్టుకుని ఉంది. కాలేజీలో బహుమతి తెచ్చిపెట్టిన గుండ్రటి అక్షరాలతో ఒక్కొక్కరికి ఒకటి చొప్పున మూడు రాసింది. ఆదివారాలు పనిచేశాం, సర్కారు ఉత్తర్వు ప్రకారం రావలసిన భత్యం ఇప్పించండి. అంతే. దయచేసి అని రాయబోయి ఆగి, ఆ మాట వదిలేసింది.

"నా దస్తకత్ ఉర్దూల ఉంటది, నడుస్తదా?" అన్నాడు లింబాద్రి. ఆయన చదువంతా పాత సర్కారు రోజుల్లోది.

"నడుస్తది అన్నా."

ఆత్మారాం అందరికంటే ఆలస్యంగా సంతకం పెట్టాడు. అతని నౌకరి ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ సంగతి చాపమీద ఉన్న అందరికీ తెలుసు. కలం పట్టుకుని సుగుణ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఇది మాత్రం తన మొహం చూసి పెట్టే సంతకం కాకూడదు అనుకుంది. కాసేపటికి కాగితంమీద పాళీ గీసిన చప్పుడు వినిపించింది.

మరునాడు ఆదివారం. సుగుణ, నాగవ్వ మధ్యాహ్నం అన్నాలు మోసుకుని కాంటాకు వెళ్ళారు. రోడ్డు పొడవునా చెరకు బండ్లు బారుగా ఆగి ఉన్నాయి. బండివాళ్ళు నీడకోసం బండ్ల కిందే కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. కొందరు మరాఠీలో ఎడ్ల బేరం ఆడుతున్నారు. సుగుణ అన్నం మూట విప్పుతుండగా ఆఫీసు జీపు వచ్చి ఆగింది. బాపురావు దిగి గుమాస్తాల గదిలోకి పోయాడు. గది అంటే రోడ్డువైపు పెద్ద కిటికీ ఉన్న రేకుల షెడ్డు. లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది, వినిపిస్తుంది.

లింబాద్రి లేచి కాగితాలు ఆయన ముందు పెట్టాడు.

"ఏంది ఇవి?"

"ఆదివారాల కాగితాలు సాబ్. మీ దస్తకత్ అయితే జిల్లా ఆఫీసుకు పోతయి."

బాపురావు మూడూ చదివాడు. చదివి కిటికీలోంచి సుగుణను చూశాడు. ఆ చేతిరాత ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది.

"నా ఇంటి అన్నం తిన్న నోళ్ళు ఇవి" అన్నాడు గుమాస్తాలతో. "ఎన్నేండ్లు తిన్నరు లింబాద్రి?"

లింబాద్రి తల వంగబోయింది. సుగుణకు ఆ తల వంగడం చూడబుద్ధి కాలేదు.

"తిన్నరు సాబ్" అంది కిటికీ బయటినుంచి. "మేము గూడ వాపసు పెట్టినం. మీ పిల్లలు, మీరు తిన్నరు. మన ఇండ్ల నడుమ బాకీ లేదు. సర్కారుదే మిగిలింది."

"ఆఫీసు ముచ్చట్ల ఆడోళ్ళకేం పని?"

"నేను ఆఫీసు ముచ్చట తియ్యలే సాబ్. అన్నం ముచ్చట మీరే తీసిన్రు. అన్నం మేమే వండినం."

బండ్ల కింద ఎవరో నవ్వారు. చుట్టలు పక్కన పెట్టి ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి నిలబడ్డారు. బాపురావు మొహం కందిపోయింది. ఆయన సుగుణను వదిలేసి, గదిలో అందరికంటే చిన్నవాడిమీదికి తిరిగాడు.

"ఆత్మారాం. రేపటికెళ్ళి సీజన్ అయ్యేదాక రాత్రి డ్యూటీ నీది. కొత్త పెండ్లాంతోని సలహాలు చేసుడు బందైతది."

సుగుణ చేతిలోని గరిటె ఆగిపోయింది. తను మొదలుపెట్టిన పని తన ఇంటిమీదికే వచ్చింది. సీజన్ అయ్యేదాకా అంటే ఎండాకాలం దాకా. మలుపులో సైకిలు గంట, వీధి సద్దుమణిగాక చెప్పుకునే కబుర్లు, అన్నీ పోతాయి. వద్దు సాబ్, కాగితాలు వాపసు తీసుకుంటాం అనేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. ఆ మాట ఆమె నాలుకమీదికి వచ్చింది కూడా.

అంతలో ఆత్మారాం లేచాడు. చొక్కా గుండీ ఒకటి తప్పిపోయే ఉంది. మాట మాత్రం తడబడలేదు.

"మంచిది సాబ్. చేస్త. ఆర్డర్ రాసియ్యుండ్రి."

"నోటితోని చెప్తే సాలదా?"

"సాలదు సాబ్. రాత్రి డ్యూటీకి గూడ భత్యం ఉన్నది. ఆ కాగితం పెట్టేటప్పుడు ఆర్డర్ జత చెయ్యాలె."

ఈసారి నవ్వింది బండ్ల కింద ఒక్కరు కాదు. కాంటా పలకమీద బండి నిలిపి ఎడ్లను పట్టుకుని ఉన్న ఎర్రన్న అనే రైతు పగలబడి నవ్వాడు. బాపురావు కలం తీశాడు. ఆర్డరు రాయడానికే తీశాడు. తీసి, ఆ కలం గాలిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు. రాస్తే సీజన్ మొత్తానికీ తన చేత్తో తనే భత్యం మంజూరు చేసినట్టు. రాయకపోతే ఇంతమంది ముందు మాట పోయినట్టు.

"సాబ్" అన్నాడు ఎర్రన్న. "మీ కొట్లాట మీరు కొట్లాడుండ్రి గని, నా ఎడ్లు నిలవడుతలేవు. ఎవరన్న తూకం సూస్తరా లేదా?"

గుమాస్తాలు ఇద్దరూ కదల్లేదు. కాగితాలు బల్లమీదే ఉన్నాయి. వెనక బండ్లవాళ్ళు అరవడం మొదలుపెట్టారు.

బాపురావు వంగి ఆదివారం కాగితాలు మూడింటిమీదా సంతకం పెట్టాడు. మూడోదానిమీద పాళీ కాగితాన్ని చీల్చింది. "పోనీయి. పైన వాళ్ళు కొట్టేస్తే నన్నడగొద్దు" అని జీపెక్కాడు. రాత్రి డ్యూటీ ఆర్డరు రాయలేదు.

"వస్తున్న అన్నా, ఎడ్లను గట్టిగ పట్టుకో" అన్నాడు ఆత్మారాం ఎర్రన్నతో. కూర్చుని తూకం గుండును అటు జరపబోయి ఇటు జరిపాడు. లింబాద్రి చేయి చాపి దాన్ని సరిగ్గా జరిపాడు.

పొద్దు వాలాక సుగుణ సైకిలు వెనక కూర్చుని ఇంటికి బయలుదేరింది. రోడ్డుకు రెండు వైపులా చెరకు పూలు తెల్లగా ఊగుతున్నాయి. ఆమెకు అతని వీపుకు తల ఆనించాలని ఉంది. ఎదురుగా బండ్లు వస్తున్నాయి కాబట్టి చొక్కా కొస మాత్రం పట్టుకుంది.

"రేపు రాత్రి పోవాల్నా?" అంది.

"రాసియ్యలే గద. పొద్దున్నే పోత, రోజు పోయినట్టే." కొంచెం దూరం తొక్కాక మళ్ళీ అన్నాడు. "ఊకోడు సుగుణా. బదిలీ చేపిస్తడు. మెండోర దిక్కు కొత్త ఆఫీసు పెడుతున్రంట, ఆడికి ఎల్లగొడ్తడు."

"మెండోరంటే గోదారి పక్కన గదా?"

"అవు."

"నేను గోదారిని రైలు కిటికీలకెళ్ళి చూసుడే. దిగి కాళ్ళు పెట్టలే ఎన్నడు." ఆమె గొంతు అప్పుడే గలగలలాడుతోంది. "ఇంటికి దగ్గరుంటదా? పొద్దుమీకి నడిచిపోవచ్చా?"

"నేను బదిలీ అంటున్న, నువ్వు యాత్రకు తయారైతున్నవ్."

"పోదాం తియ్యుండ్రి. ఆడ మాత్రం ఆదివారాలు రావా ఏంది? వచ్చిన కాడికి రాసి పెడుదాం."

ఆత్మారాం నవ్వు ఆపుకోలేక సైకిలును రోడ్డు అంచుకు పోనిచ్చాడు. ఎదురు బండివాడు తిట్టాడు. సుగుణ రెండు చేతులతో అతని నడుము పట్టుకుంది. ఆ తరవాత ఎన్ని బండ్లు ఎదురొచ్చినా వదల్లేదు.